పరుగు తర్వాత గురి ఎందుకు తప్పుతోంది?

నింపాదిగా ఉన్నప్పుడు రైఫిల్‌తో ఐదుకు ఐదు టార్గెట్లూ కొట్టే పిల్ల, మైదానం చుట్టి వచ్చాక రెండే కొడుతుంది. చుట్టూ ఉన్న పెద్దలందరిదీ ఒకటే మాట: "దడ తగ్గాక కాల్చమ్మా." మంచు మీద స్కీయింగ్ చేస్తూ మధ్యమధ్య ఆగి రైఫిల్ కాల్చే బయాథ్లాన్‌లో ఆ సలహా పనికిరాదు. దడ తగ్గేదాకా ఆగితే పోటీ ముగిసిపోతుంది. పైగా తప్పులన్నిటినీ గుండె మీదకు నెట్టడం అన్యాయం. పెల్లెట్ (ఎయిర్ రైఫిల్ గుండు) ఎక్కడ తగిలిందో చూడండి, అసలు దోషి దొరుకుతుంది.

పాలమూరు, నల్లగొండల్లో మంచు లేదు కాబట్టి స్కీయింగ్‌కు బదులు పరుగు, 50 మీటర్ల రేంజికి బదులు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. అసలు ఆటలో పడుకుని కాల్చే టార్గెట్ వ్యాసం 45 మిల్లీమీటర్లు, నిలబడి కాల్చేది 115. 10 మీటర్లకు లెక్కకడితే 9, 23 వస్తాయి. పడిపోయే రేకు బిళ్ళలు పెట్టకండి. అవి తప్పిన గుండు సంగతి చెప్పవు. కాగితం మీద ఆ కొలతల్లో వలయాలు గీయండి. పరుగు సాగుతున్నంతసేపూ రైఫిల్ ఖాళీగా, గొట్టం టార్గెట్ వైపే ఉండేలా చాప మీదే ఉండాలి, పక్కన పెద్దవాళ్లు ఉండాలి. పిల్లలు ఖాళీ చేతులతో పరుగెత్తుతారు.

రంధ్రాలు నిలువు వరుసలో, మీదా కిందా పడుతున్నాయి

కారణం ఊపిరి. పడుకున్నప్పుడు గాలి పీలిస్తే ఛాతీ లేచి గొట్టం కొన కిందికి దిగుతుంది, వదిలితే పైకి లేస్తుంది. వదిలాక సహజంగా వచ్చే చిన్న విరామంలోనే కాల్చాలి. గుండుకూ గుండుకూ మధ్య ఒకటి రెండు నిండు శ్వాసలు తప్పనిసరి. దీన్ని కంటితో కాదు, చెవితో పట్టుకోవాలి. పక్కన కూర్చుని వినండి: ఊపిరి వదిలిన చప్పుడు, ఆ వెంటనే రైఫిల్ చప్పుడు. మధ్యలో నిశ్శబ్దం సాగుతోందంటే పిల్ల బిగబట్టినట్టే. ఆయాసంలో బిగబడితే చూపు త్వరగా మసకబారుతుంది. అప్పుడు గురి వదిలేసి మళ్లీ మొదలుపెట్టడం నేర్పాలి. "ఎలాగూ గురి పెట్టాను కదా" అని కాల్చేయడమే అన్నిటికన్నా చెడ్డ అలవాటు.

పడుకుని ఉన్నా సైటు (గురి చూసే అమరిక) లయ ప్రకారం ఎగురుతోంది

ఇక్కడ మాత్రం గుండెదే పని, కానీ మందు వేయాల్సింది బెల్టుకు. స్లింగ్ (రైఫిల్‌ను చేతికి బిగించే ఆ బెల్టు) జబ్బ లోపలివైపు ధమనిని నొక్కితే ప్రతి నాడీ రైఫిల్‌కు చేరుతుంది. పట్టీని కాస్త పైకి, బయటివైపుకు జరపండి. కింద మందపాటి చొక్కా చేయి ఉంటే ఇంకా మంచిది.

నిలబడితే అడ్డంగా చెదురుతున్నాయి

కాళ్లు వణుకుతున్నాయి. నల్లగొండ పిల్లల చేత లతీఫ్ సాహెబ్ గుట్ట మెట్లు ఎక్కించడం ఊపిరికి మంచిదే, కానీ అదే పూట నిలబడి కాల్చమంటే తొడలు మాట వినవు. ఆ రెండూ వేర్వేరు రోజుల్లో పెట్టండి. పాదాలు భుజాలంత వెడల్పున, రైఫిల్ మోసే మోచేయి పక్కటెముకలకో తుంటికో ఆనించి, నడుము కొద్దిగా వెనక్కి ఉంచాలి. బరువు ఎముకలు మోయాలి, కండలు కాదు.

కుడిచేతి వాటం పిల్లకు కింద కుడివైపు పడుతున్నాయి

చాలాసార్లు ట్రిగ్గర్‌ను గుంజడమే కారణం. సైటు టార్గెట్ మీదుగా పోతున్న క్షణాన్ని పట్టుకోవాలన్న ఆత్రం అది. గురి కుదురుతుండగానే మొదటి నొక్కు (ట్రిగ్గర్ తేలిగ్గా కదిలేంత వరకు) పూర్తి చేసి, మిగతాది మెల్లగా పిండించండి. పరుగు లేకుండా వేళ్లకు అలవాటయ్యాకే పరుగు కలపాలి. స్ప్రింగ్ రైఫిలైతే పెల్లెట్ లేకుండా కాల్చి సాధన చేయించకండి, లోపల దెబ్బతింటుంది.

రంధ్రాల గుంపు చక్కగా ఉంది, కానీ పక్కకు పోయింది

రొప్పుతూ వచ్చి ఎలా పడితే అలా పడుకుంది. కళ్లు మూసుకుని ఒక శ్వాస తీసి తెరవమనండి. సైటు పక్కకు పోయి ఉంటే చేతులతో లాగకుండా, పొట్ట ఆధారంగా ఒళ్లు మొత్తం జరగాలి. సైటు మరలు ముట్టుకోవద్దు.

మొదటి గుండే తప్పుతోంది

రేంజిలోకి ఉరుకుతూ వస్తోంది. చివరి 50 మీటర్లు వేగం తగ్గించి, ఊపిరి లోతుగా వదలాలి. అంతే.

ఎండాకాలంలో అన్నీ తప్పుతున్నాయి

మన ఏప్రిల్, మే నెలల్లో సాధన పొద్దున్నే ముగియాలి. నీళ్లు తగ్గితే అదే పరుగుకు గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. వెనక సైటు మీద చెమట చుక్క పడితే టార్గెట్ పొగలో ఉన్నట్టు కనిపిస్తుంది, కాబట్టి నుదుటికి నూలు పట్టీ కట్టండి, మధ్యమధ్య ఉప్పు వేసిన మజ్జిగ ఇవ్వండి. పిల్లకు తల తిరిగినా, మాట తడబడినా రైఫిల్ పక్కన పెట్టించి నీడలో పడుకోబెట్టి, ఒళ్లు తడుపుతూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.