చైనా సరుకు ఆర్డర్ పెట్టేముందు: యాంటీ డంపింగ్ జాగ్రత్తలు

విదేశీ సరుకు మరీ చవగ్గా వచ్చి పడి ఇక్కడి పరిశ్రమను దెబ్బతీయకుండా ప్రభుత్వం వేసే అదనపు సుంకమే యాంటీ డంపింగ్ సుంకం. చెన్నై హార్బర్‌కు కంటైనర్ వచ్చాక టెన్షన్ పడేకన్నా, అడ్వాన్స్ కట్టకముందే ఇవి చూసుకోండి.

– హెచ్ఎస్ కోడ్ (సరుకు రకాన్ని తెలిపే కస్టమ్స్ నంబరు) ఒక్కటే నమ్మొద్దు. సుంకం విధిస్తూ ఇచ్చే నోటిఫికేషన్‌లో కోడ్ చాలాసార్లు సూచన మాత్రమే. సరుకు వర్ణనే లెక్క.

– నోటిఫికేషన్ పట్టికలో దేశంతోపాటు తయారీదారు పేరు కూడా ఉంటుంది. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్ మీద పేరు అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. నేనోసారి "కో., లిమిటెడ్" దగ్గర తేడాను పట్టించుకోలేదు. పేరు లేని తయారీదారులకు వేసే "ఇతరులు" వరుసలోని పెద్ద రేటు పడింది. ప్యారీస్ కార్నర్‌లో టీ తాగుతూ మా ఏజెంట్ లెక్క చెబితే గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది.

– సుంకం టన్నుకు ఇన్ని డాలర్లని ఉంటే, బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రం) వేసిన రోజు మారకం రేటు పెట్టి లెక్కకట్టండి. దానిమీద ఐజీఎస్టీ (దిగుమతిపై పడే జీఎస్టీ) కూడా పడుతుంది.

– సుంకం గడువు మామూలుగా 5 ఏళ్లు. అయిపోవస్తోందని సంబరపడకండి. డీజీటీఆర్ (డంపింగ్‌పై విచారణ జరిపే వాణిజ్య శాఖ విభాగం) ముందే సన్‌సెట్ రివ్యూ (సుంకం కొనసాగించాలా వద్దా అన్న సమీక్ష) మొదలుపెడితే, అది తేలేలోపు మరో ఏడాది వరకు పొడిగించవచ్చు. డీజీటీఆర్ సిఫార్సు చేస్తుంది, విధించేది ఆర్థిక శాఖ. అందుకే రెండుచోట్లా చూడాలి.

– రివ్యూలో ప్రశ్నాపత్రం దిగుమతిదారులకూ ఉంటుంది. గడువులోగా జవాబివ్వండి.

– సుంకం తప్పించడానికి వేరే దేశం మీదుగా తిప్పి తెప్పిస్తానన్న బ్రోకర్‌కు దండం పెట్టి వచ్చేయండి.