లాగిన్ బటన్ పెట్టేటప్పుడు స్కోపులు మీరే రాయండి

గూగుల్‌తోనో గిట్‌హబ్‌తోనో లాగిన్ పెట్టేటప్పుడు చాలామంది లైబ్రరీ ఇచ్చిన డిఫాల్ట్ స్కోపులు (యూజర్ ఖాతాలో మన యాప్ ఏమేం చూడొచ్చో, చేయొచ్చో చెప్పే అనుమతులు) అలాగే వదిలేస్తారు. నేనూ వదిలేశాను. తీరా చూస్తే, పేరూ ఈమెయిలూ చాలు అనుకున్న చోట మా యాప్ గిట్‌హబ్‌లో ‘రెపో’ స్కోప్ అడుగుతోంది. అంటే ప్రైవేట్ కోడ్‌ని చదవడమే కాదు, మార్చే అనుమతి కూడా! అనుమతి పేజీలో ఆ మాట చూసినవాళ్లు వెనక్కి వెళ్లిపోరూ మరి?

గూగుల్‌కైతే ఓపెన్‌ఐడీ, ఈమెయిల్, ప్రొఫైల్ సరిపోతాయి. గిట్‌హబ్‌లో మాత్రం ఒక మెలిక ఉంది. స్కోప్ ఏదీ అడగకపోతే పబ్లిక్ వివరాలే వస్తాయి. యూజర్ తన ఈమెయిల్ దాచుకుని ఉంటే ఆ ఫీల్డ్ ఖాళీగా వస్తుంది. అందుకే ఈమెయిల్ చదివే స్కోప్ విడిగా అడగాలి.

ఇంకోటి, మీరు రాసిన జాబితా డిఫాల్ట్‌కి కలుస్తుందా, దాన్ని తీసేసి కూర్చుంటుందా అన్నది లైబ్రరీని బట్టి ఉంటుంది. పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ లారావెల్‌కి ఉన్న లాగిన్ లైబ్రరీ సోషలైట్‌లో ‘స్కోప్స్’ కలుపుతుంది, ‘సెట్‌స్కోప్స్’ పాతవాటిని చెరిపేసి కొత్తవి పెడుతుంది. సెట్టింగ్ మార్చాం కదా అని ఊరుకోకుండా, లాగిన్ నొక్కాక బ్రౌజర్ అడ్రస్ బార్‌లో ‘స్కోప్’ దగ్గర నిజంగా ఏం వెళ్తోందో చూడండి. అర నిమిషం పని.

కోడ్ సరిచేసినంత మాత్రాన ఇప్పటికే ఇచ్చిన టోకెన్ల (యూజర్ ఒప్పుకున్నాక యాప్ చేతికి వచ్చే తాళంచెవుల్లాంటివి) అనుమతులు తగ్గవు. పాతవి రద్దు చేసి, ఆ యూజర్లతో మళ్లీ లాగిన్ చేయించాల్సిందే.