రిలీజ్ బిల్డ్ పెట్టినా క్లాంగ్ నత్తనడకేనా?

సమస్య: కంపైలర్ల ప్రాజెక్టు ఎల్‌ఎల్‌వీఎం సోర్సు తెచ్చుకుని, అందులోని సీ, సీ++ కంపైలర్ క్లాంగ్‌ను సొంతంగా బిల్డ్ చేశారు. బిల్డ్ టైప్ రిలీజ్ (వేగంగా నడిచే రకం) అనే ఇచ్చారు. అయినా చిన్న ఫైలు కంపైల్ చేయడానికే సాగదీస్తోంది, ఒక్కోసారి ‘అసర్షన్ ఫెయిల్డ్’ (కోడ్ లోపలి తనిఖీ తప్పింది) అంటూ మధ్యలో కూలబడుతోంది.

ర్యామ్ కొనే ముందు, మీ బిల్డ్ ఫోల్డర్ బిన్‌లో ఉన్న ఎల్‌ఎల్‌సీ అనే ఎల్‌ఎల్‌వీఎం టూల్‌ను వెర్షన్ ఆప్షన్‌తో నడపండి. సిస్టంలో ముందే ఉన్నదాన్ని కాదు, మీరు కట్టినదాన్ని. ‘ఆప్టిమైజ్డ్ బిల్డ్’ పక్కన ‘విత్ అసర్షన్స్’ అని కనిపిస్తే దొంగ దొరికినట్టే. అరనిమిషం పని. ఇది చూసుకుని నా దగ్గరికి వచ్చినవాళ్లు ఇంతవరకు లేరు.

కారణం: మే నెలలో గుంటూరు బ్రాడీపేటలోని మా గదికి ఒక ఇంజినీరింగ్ కుర్రాడు లాప్‌టాప్ పట్టుకొచ్చాడు. “అన్నా, రిలీజే పెట్టాను, కావాలంటే చూడు” అని కమాండ్ చూపించాడు. నిజమే, రిలీజే. కానీ అదే ఫోల్డర్‌లో మొదటిసారి డీబగ్‌తో (తప్పులు వెతకడానికి వాడే రకం) కాన్ఫిగర్ చేశాడు. డీబగ్ అయితే అసర్షన్లు డిఫాల్ట్‌గా ఆన్. బిల్డ్‌ను కాన్ఫిగర్ చేసే టూల్ సీమేక్ ఆ ఆన్‌ను తన క్యాష్ ఫైల్లో రాసిపెట్టుకుంటుంది. తర్వాత మీరు బిల్డ్ టైప్ ఒక్కటే మారిస్తే అదొక్కటే మారుతుంది. అసర్షన్ల గడిలో పాత ఆన్ అలాగే ఉంటుంది. రిలీజ్‌లో ఎన్‌డీబగ్ మాక్రో వచ్చి అసర్షన్లను తీసేయాలి కదా అంటారా? ఆ గడి ఆన్‌లో ఉంటే ఎల్‌ఎల్‌వీఎం బిల్డ్ ఫైళ్లే ఆ మాక్రోను రద్దు చేస్తాయి. నేనూ ఒకప్పుడు ఇది తెలియక ఆప్టిమైజేషన్ ఫ్లాగులు మార్చుకుంటూ ఒక రాత్రంతా తగలేశాను.

పరిష్కారం: ఎల్‌ఎల్‌వీఎం ఎనేబుల్ అసర్షన్స్ ఆప్షన్‌ను కమాండ్‌లోనే ఆఫ్ అని రాసి మళ్లీ కాన్ఫిగర్ చేయండి. లేదా ఆ ఫోల్డర్ వదిలేసి కొత్తది తీసుకోండి. నేనైతే డీబగ్‌కు ఒకటి, రిలీజ్‌కు ఒకటి వేరుగానే ఉంచుతాను.

ఒక్క మాట. అసర్షన్ ఫెయిలవుతోందని దాన్ని ఆపేస్తే బగ్ పోదు, దాని నోరు మాత్రమే మూతపడుతుంది. సొంతంగా పాస్ (కంపైలర్‌లో కోడ్‌ను పరిశీలించే, మార్చే దశ) రాస్తుంటే ఆన్‌లోనే ఉంచండి.

ఆపాక మీ ప్లగిన్ లింక్ కాకుండా ఏబీఐ బ్రేకింగ్ చెక్స్ (రెండూ ఒకే రకంగా కట్టారా అని చూసేది) పేరుతో ఎర్రర్ వస్తే, దాన్నీ కొత్త బిల్డ్‌తో మళ్లీ కట్టండి. ఎక్స్‌పెన్సివ్ చెక్స్ (ఇంకా బరువైన తనిఖీలు) ఎవరైనా ఆన్ చేసి ఉంటే అదీ ఆపండి, అరుదు.

ఫ్లాగులు మారాయి కాబట్టి ఫైళ్లన్నీ మొదటినుంచి కంపైలవుతాయి, చార్జర్ పెట్టుకోండి. మా కుర్రాడు టేబుల్ ఫ్యాన్‌ను లాప్‌టాప్ వైపు తిప్పి, తను చెమటలు కక్కుతూ సాయంత్రం దాకా కూర్చున్నాడు.