మల్టీమీటర్ చేతిలో పెట్టుకుని ఎలక్ట్రానిక్స్ ఓనమాలు నేర్చుకోవడం ఎలా?

పదో తరగతిలో ఓమ్ సూత్రం (కరెంటు = వోల్టేజ్ ÷ నిరోధం) మీద లెక్కలు కట్టనివాళ్ళు అరుదు. వాళ్ళకే ఒక బ్యాటరీ, ఒక రెసిస్టర్ ఇచ్చి ఇందులో ఎంత కరెంటు పోతోందో చెప్పమంటే మాత్రం నీళ్ళు నములుతారు. లెక్క రాక కాదు, అది కాగితం దాటి మీటరు దాకా ఎప్పుడూ రాలేదు గనక. అందుకని ఇక్కడ పద్ధతి ఒక్కటే. ముందు లెక్క వేసి అంకె రాసుకోండి. తర్వాత సర్క్యూట్ కట్టి కొలవండి. రెండు అంకెలూ కలవకపోతే ఎందుకు కలవలేదో తేలేదాకా అక్కడే ఉండండి. అసలు పాఠమంతా ఆ తేడాలోనే ఉంటుంది.

ఏమేం కావాలి?

డిజిటల్ మల్టీమీటర్ (వోల్టేజ్, కరెంటు, నిరోధం కొలిచే మీటరు), బ్రెడ్‌బోర్డ్ (టంకం లేకుండా సర్క్యూట్ కట్టే రంధ్రాల పలక), 9 వోల్టుల బ్యాటరీ, దాని క్లిప్పు, కాసిని జంపర్ వైర్లు. ఎర్ర ఎల్‌ఈడీలు ఐదారు తీసుకోండి, ఒకటో రెండో కాలక తప్పదు. పావు వాటు రెసిస్టర్లు: 470 ఓమ్‌లు, 1 కిలోఓమ్, 10 కిలోఓమ్‌లు, 100 కిలోఓమ్‌లు, 220 కిలోఓమ్‌లు. ఇవి కాక 1000 మైక్రోఫ్యారడ్, 25 వోల్టుల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ (చార్జిని నిలవ ఉంచేది) ఒకటి, బీసీ547 ట్రాన్సిస్టర్లు రెండు, ఒక ఎల్‌డీఆర్ (వెలుతురును బట్టి నిరోధం మారే రెసిస్టర్). హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి కోఠీ గుజరాతీ గల్లీలో ఇవన్నీ దొరుకుతాయి. మిగతావాళ్ళు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. మీటరు ఖరీదైనది అక్కర్లేదు, పసుపు రంగులో వచ్చే చౌకరకం డీటీ830 చాలు.

ఆర్డుయినో (ప్రోగ్రామ్ ఎక్కించి నడిపే చిన్న బోర్డు) కిట్‌తో మొదలుపెట్టమని చాలామంది సలహా ఇస్తారు. నేనివ్వను. ప్రోగ్రామ్ కాపీ చేసి ఎక్కిస్తే లైటు మిణుకుమిణుకుమంటుంది, ఎందుకు వెలిగిందో మాత్రం అంతుపట్టదు. అది తర్వాత కొనుక్కోవచ్చు.

ఒక హెచ్చరిక. ఇక్కడ చెప్పేవన్నీ 9 వోల్టుల బ్యాటరీతోనే. గోడ ప్లగ్గు జోలికి వెళ్ళొద్దు. విడిభాగాల కోసం పాత చార్జర్లు, టీవీలు, కంప్యూటర్ పవర్ సప్లయిలు విప్పొద్దు. మన ఇళ్ళకొచ్చే 230 వోల్టుల ఏసీ శిఖర విలువ 325 వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్గు పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లో ఆ వోల్టేజ్ నిలిచి ఉండవచ్చు.

1. బ్యాటరీని కొలవండి

నల్ల ప్రోబును కామ్ (COM) అని రాసి ఉన్న రంధ్రంలో, ఎర్రదాన్ని వోల్టు, ఓమ్ గుర్తులున్న రంధ్రంలో పెట్టండి. 10 ఆంపియర్లని రాసి ఉన్న మూడోదాన్ని ముట్టుకోవద్దు. డయల్‌ను డీసీ వోల్టుల్లో 20 దగ్గరకు తిప్పి, ప్రోబులను బ్యాటరీ రెండు కొనలకూ ఆనించండి. కొత్త బ్యాటరీ అయితే 9 కన్నా కాస్త ఎక్కువే చూపిస్తుంది. ప్రోబులు అటూఇటూ మారిస్తే అంకె అదే వస్తుంది, ముందు మైనస్ గుర్తు చేరుతుంది. వోల్టేజ్ ఎప్పుడూ రెండు బిందువుల మధ్య కొలిచేదే. ఒక్క బిందువు దగ్గర వోల్టేజ్ ఎంత అని ఎవరైనా అడిగితే, దేనితో పోల్చి అని తిరిగి అడగండి.

వోల్టేజ్‌ను ట్యాంకులో నీళ్ళ ఎత్తుతో పోల్చడం పాత అలవాటు. మొదట్లో పనికొస్తుంది గానీ ఎక్కువ దూరం తీసుకెళ్ళొద్దు. పైపు తెగితే నీళ్ళు కారిపోతాయి, వైరు తెగితే కరెంటు ఆగిపోతుంది. దారి చుట్టూ తిరిగి బ్యాటరీకే చేరాలి, లేకపోతే ప్రవాహమే లేదు.

ఇప్పుడు ఇంట్లో పడి ఉన్న పాత 9 వోల్టుల బ్యాటరీ ఒకటి వెతికి కొలవండి. 8 వోల్టులు దాటి చూపించినా ఆశ్చర్యం లేదు. మరి ఎందుకు పనిచేయడం లేదు? దాని కొనల మధ్య 470 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, అలాగే ఉంచి మళ్ళీ కొలవండి. ఉదాహరణకు 8.4 కాస్తా 6.6కి పడిందనుకోండి. రెసిస్టర్లో పోతున్న కరెంటు 6.6 ÷ 470, అంటే 14 మిల్లీఆంపియర్లు. తగ్గిన 1.8 వోల్టులూ బ్యాటరీ లోపలే ఖర్చయ్యాయి. 1.8ని 0.014తో భాగిస్తే దాదాపు 130 ఓమ్‌లు. అది ఆ బ్యాటరీ అంతర్గత నిరోధం. బ్యాటరీ పాతబడేకొద్దీ ఇది పెరుగుతుంది. లోడు, అంటే కరెంటు లాగేది ఏదీ, లేకుండా కొలిచి బ్యాటరీ బాగానే ఉందనుకోవడం అందుకే తప్పు.

ఆ సూత్రం కనిపెట్టిన ఓమ్‌నీ ఇదే చిక్కు పీడించింది. జర్మనీలో బడిపంతులుగా ఉంటూ ప్రయోగాలు చేసినప్పుడు ఆనాటి వోల్టా బ్యాటరీలు నిలకడగా ఉండక కొలతలు కుదరలేదు. చివరికి బిస్మత్, రాగి అతికించిన థర్మోకపుల్ (రెండు అతుకుల వేడిలో తేడా ఉంటే వోల్టేజ్ ఇచ్చేది) వాడాడు. ఒక అతుకును మరిగే నీటి వేడిలో, రెండోదాన్ని మంచులో ఉంచితే వోల్టేజ్ స్థిరంగా వచ్చింది. 1827లో ఆయన పుస్తకంగా వేసిన సూత్రం వెనుక ఉన్న కొలతలు అవే.

2. రెసిస్టర్లు గుర్తుపట్టండి

రెసిస్టర్ మీది పట్టీల్లో ఒక్కో రంగూ ఒక్కో అంకె: నలుపు 0, గోధుమ 1, ఎరుపు 2, నారింజ 3, పసుపు 4, ఆకుపచ్చ 5, నీలం 6, ఊదా 7, బూడిద 8, తెలుపు 9. పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ పిల్లలు దీన్ని రంగుల ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలతో 'బీబీ రాయ్ ఆఫ్ గ్రేట్ బ్రిటన్' అని బట్టీపడతారు. నాలుగు పట్టీల రెసిస్టర్‌లో మొదటి రెండూ అంకెలు, మూడోది ఎన్ని సున్నాలో చెబుతుంది, నాలుగోది బంగారు రంగైతే 5 శాతం అటూఇటూ ఉండొచ్చని. పసుపు, ఊదా, గోధుమ అంటే 47 పక్కన ఒక సున్నా, 470. దాని అసలు విలువ 446 నుంచి 494 మధ్య ఎక్కడున్నా తప్పు లేదు. ఇప్పుడెక్కువగా దొరుకుతున్న నీలం రంగు రెసిస్టర్లకు ఐదు పట్టీలుంటాయి, ఎటు నుంచి చదవాలో కూడా తెలియదు. వాటితో కుస్తీ పట్టకుండా మీటరుతో కొలిచేయండి. పెద్ద విలువలు కొలిచేటప్పుడు రెండు కొనలూ వేళ్ళతో పట్టుకోవద్దు, మీ ఒంటి నిరోధం కూడా పక్కన చేరి అంకె తగ్గుతుంది. సర్క్యూట్లో ఉన్న రెసిస్టర్‌నైతే బ్యాటరీ తీసేసి, ఒక కాలు బయటికి లాగి కొలవాలి.

3. ఎల్‌ఈడీ వెలిగించండి

బ్రెడ్‌బోర్డ్ మధ్యలో గాడి ఉంటుంది. గాడికి ఒక్కో పక్క ఐదేసి రంధ్రాల వరసలు, ఒక్కో వరసలోని ఐదూ లోపల కలిసి ఉంటాయి. ఎల్‌ఈడీ రెండు కాళ్ళూ ఒకే వరసలో గుచ్చితే షార్ట్ చేసినట్టే. అంచుల్లో పొడవునా ఉండేవి బ్యాటరీ వరసలు. పొడుగు బోర్డుల్లో కొన్నిటికి ఈ వరస సగంలో తెగి ఉంటుంది. అక్కడ గీత విరిగి కనిపిస్తే చిన్న వైరుతో కలపండి.

ఎర్ర ఎల్‌ఈడీ వెలిగేటప్పుడు దాదాపు 2 వోల్టులు తీసుకుంటుంది. మిగతా 7 వోల్టులూ రెసిస్టర్ మీద పడాలి. 470 ఓమ్‌లు పెడితే 7 ÷ 470, సుమారు 15 మిల్లీఆంపియర్లు. మామూలు ఎల్‌ఈడీకి 20 దాటనివ్వకపోతే మేలు. రెసిస్టర్లో వేడిగా మారేది 7 × 0.015, అంటే 0.1 వాటు. పావు వాటు రెసిస్టర్ హాయిగా మోస్తుంది.

బ్యాటరీ ప్లస్ నుంచి రెసిస్టర్, అక్కడి నుంచి ఎల్‌ఈడీ పొడుగు కాలు, పొట్టి కాలు నుంచి మైనస్. వెలిగిందా? అక్కడితో సంబరపడి ఆగొద్దు. రెసిస్టర్ మీద, ఎల్‌ఈడీ మీద, బ్యాటరీ మీద విడివిడిగా వోల్టేజ్ కొలిచి రాసుకోండి. మొదటి రెండూ కలిపితే మూడోది రావాలి. 1845లో జర్మన్ శాస్త్రవేత్త కిర్కాఫ్ చెప్పిన రెండు నియమాల్లో ఇదొకటి. రెసిస్టర్ మీది వోల్టేజ్‌ను మీరు ముందే కొలిచిన దాని ఓమ్‌లతో భాగిస్తే కరెంటు వచ్చేస్తుంది. సర్క్యూట్ ఎక్కడా తెంచక్కర్లేదు. రిపేరు చేసేవాళ్ళకి ఇది నిత్యం అక్కరకొచ్చే ఉపాయం.

నేరుగా కొలవాలంటే డయల్‌ను డీసీలో 200 మిల్లీఆంపియర్ల దగ్గర పెట్టి, సర్క్యూట్‌ను ఒకచోట తెంచి ఆ సందులో మీటరును దూర్చాలి. ఆ స్థితిలో ఉన్న మీటరు దాదాపు ఒట్టి వైరు లాంటిది. మరిచిపోయి ప్రోబులు బ్యాటరీ రెండు కొనలకూ ఆనిస్తే లోపలి ఫ్యూజు పోతుంది. కొలవడం అయిన వెంటనే డయల్‌ను వోల్టుల వైపు తిప్పేసే అలవాటు చేసుకోండి.

ఇప్పుడు 470 తీసి 1 కిలోఓమ్ పెట్టండి. కరెంటు 7 మిల్లీఆంపియర్లకు, అంటే సగానికి పడిపోయింది. వెలుగు సగమైనట్టు అనిపిస్తుందా? అనిపించదు, కన్ను అలా లెక్కపెట్టదు. నీలం ఎల్‌ఈడీ ఉంటే మళ్ళీ 470తో అది పెట్టి చూడండి. అది 3 వోల్టుల దాకా తీసుకుంటుంది గనక కరెంటు 13 మిల్లీఆంపియర్ల దగ్గరకొస్తుంది. రెసిస్టర్ లేకుండా ఎందుకు వెలిగించకూడదంటే, ఎల్‌ఈడీ ఓమ్ సూత్రానికి లొంగదు. వోల్టేజ్ కొద్దిగా పెరిగితే కరెంటు అనేక రెట్లవుతుంది. దాన్ని అదుపులో పెట్టేది బయటి రెసిస్టరే.

4. కెపాసిటర్ నిండడం చూడండి

ప్లస్ నుంచి 10 కిలోఓమ్‌ల రెసిస్టర్, తర్వాత 1000 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్ పొడుగు కాలు, పక్కన చార ఉన్న కాలు మైనస్‌కు. తిరగేసి పెడితే ఉబ్బి పేలవచ్చు, రెండుసార్లు చూసుకోండి. రెసిస్టెన్స్‌నీ కెపాసిటెన్స్‌నీ గుణిస్తే 10,000 ఓమ్‌లు × 0.001 ఫ్యారడ్, పది సెకన్లు. కెపాసిటర్ మీది వోల్టేజ్ పది సెకన్లలో 63 శాతం, అంటే 9 వోల్టులకు 5.7 దాకా ఎక్కుతుంది. యాభై సెకన్లకు దాదాపు నిండుతుంది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. మీకు పన్నెండో, ఎనిమిదో వస్తే కంగారు పడొద్దు, ఇలాంటి కెపాసిటర్లకు 20 శాతం తేడా మామూలే. 10 కిలోఓమ్‌ల బదులు 1 మెగాఓమ్ వాడితే మాత్రం చౌక మీటరు దగ్గర వోల్టేజ్ సగం దాకా ఎక్కి ఆగిపోతుంది. అలాంటి మీటరు లోపలి నిరోధం కూడా 1 మెగాఓమే, వచ్చింది వచ్చినట్టు అదే లాగేస్తుంది. కొలిచే సాధనం కూడా సర్క్యూట్లో భాగమే.

5. ట్రాన్సిస్టర్‌తో చీకటి దీపం

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన ట్రాన్సిస్టర్ పని ఇక్కడ ఒక్కటే: దాని మూడు కాళ్ళలో బేస్ అనే కాలులోకి వెళ్ళే చిన్న కరెంటుతో కలెక్టర్ అనే కాలులో పెద్ద కరెంటును ఆడించడం. బీసీ547 చదునైన ముఖం మీ వైపు, కాళ్ళు కిందికి పెడితే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. ఈ వరస అన్ని ట్రాన్సిస్టర్లకూ ఒకటి కాదు.

ఎమిటర్‌ను మైనస్‌కు కలపండి. ప్లస్ నుంచి 470 ఓమ్‌లు, ఎల్‌ఈడీ, అక్కడి నుంచి కలెక్టర్. ప్లస్ నుంచి బేస్‌కు 100 కిలోఓమ్‌లు. బేస్ నుంచి మైనస్‌కు ఎల్‌డీఆర్.

ఎల్‌డీఆర్ మీద వెలుతురు పడితే దాని నిరోధం కొన్ని కిలోఓమ్‌లకు పడిపోతుంది, చీకట్లో లక్షల ఓమ్‌లకు పెరుగుతుంది. బేస్ దగ్గర 0.65 వోల్టులు చేరితేగానీ ట్రాన్సిస్టర్ మేలుకోదు. 100 కిలోఓమ్‌లూ ఎల్‌డీఆరూ 9 వోల్టులను తమ నిరోధాల నిష్పత్తిలో పంచుకుంటాయి గనక, ఎల్‌డీఆర్ వాటాకు 0.65 రావాలంటే ఎల్‌డీఆర్ 8 కిలోఓమ్‌ల దగ్గరుండాలి. మీ గది వెలుతురులో ఎల్‌డీఆర్ ఎంతుందో విడిగా కొలవండి. 12 కిలోఓమ్‌లుంటే, పగలు కూడా దీపం వెలుగుతుందని కట్టకముందే చెప్పేయొచ్చు. అప్పుడు 100 బదులు 220 కిలోఓమ్‌లు పెడితే ఆ గీత 17 కిలోఓమ్‌లకు మారుతుంది. పూర్తి చీకట్లో, 100 కిలోఓమ్‌లున్నప్పుడు, బేస్‌లోకి వెళ్ళేది 0.08 మిల్లీఆంపియర్లే. కరెంటును 200 రెట్లు పెంచే ట్రాన్సిస్టర్‌కు ఎల్‌ఈడీని నిండుగా వెలిగించడానికి అది చాలు. ఎల్‌ఈడీ వెలుగు ఎల్‌డీఆర్ మీద పడకుండా మధ్యలో అట్టముక్క అడ్డం పెట్టండి. లేకపోతే దీపం తన వెలుగుకే తెల్లారిందనుకుని మసకబారుతుంది.

ఎల్‌డీఆర్‌ను చేత్తో మూసినా వెలగకపోతే వైర్లన్నీ పీకి మళ్ళీ కట్టకండి, మూయగానే రెండు కొలతలు తీయండి. బేస్, ఎమిటర్ మధ్య 0.65 దరిదాపుల్లో లేకపోతే లోపం 100 కిలోఓమ్‌ల దగ్గరో ఎల్‌డీఆర్ దగ్గరో ఉంది. అది సరిగ్గా ఉండి, కలెక్టర్, ఎమిటర్ మధ్య 0.2 లోపు చూపిస్తే ట్రాన్సిస్టర్ తన పని చేస్తోంది, ఎల్‌ఈడీని తిప్పి పెట్టి చూడండి. అక్కడ ఏడెనిమిది వోల్టులు చూపిస్తుంటే ముందు ట్రాన్సిస్టర్ కాళ్ళ వరస సరిచూసుకుని, తర్వాత రెండో బీసీ547 పెట్టండి.