పీర్-టు-పీర్ ఫైల్ షేరింగ్ చిక్కులు: లక్షణం నుంచి కారణానికి, కారణం నుంచి పరిష్కారానికి

మామూలు డౌన్‌లోడులో సర్వరు ఇస్తుంది, మన కంప్యూటరు పుచ్చుకుంటుంది. పీర్-టు-పీర్ పద్ధతిలో ఆ హద్దు లేదు. ఫైలు చిన్న చిన్న ముక్కలుగా విడిపోయి ఉంటుంది. ఏ ముక్క ఎవరి దగ్గర ఉంటే వారి నుంచి దాన్ని తెచ్చుకుంటూ, తెచ్చుకున్న ముక్కను అడిగిన వారికి అప్పటికప్పుడే పంపుతూ మన ప్రోగ్రాం పనిచేస్తుంది. 2001లో బ్రామ్ కోహెన్ రూపొందించిన బిట్‌టొరెంట్ అనే ఫైల్ షేరింగ్ పద్ధతి ఈనాటికీ ఈ సూత్రం మీదే నడుస్తోంది. ఈ సాఫ్ట్‌వేరుతో ఎదురయ్యే చిక్కుల్లో చాలా వాటికి మూలం, మన యంత్రం పుచ్చుకోవడమే కాక ఇస్తూ కూడా ఉంటుందన్న సంగతిని మరచిపోవడమే. అందువల్ల కింద చెప్పిన ప్రతి లక్షణాన్నీ ఆ రెండు వైపుల నుంచీ చూడవలసి ఉంటుంది.

లక్షణం: ప్రోగ్రాం ఇన్‌స్టాల్ చేసిన నాటి నుంచి ప్రకటనలు వస్తున్నాయి, బ్రౌజరు హోమ్ పేజీ మారిపోయింది, పని లేనప్పుడు కూడా ఫ్యాన్ ఆగడం లేదు

కారణం దాదాపు ఎప్పుడూ ఇన్‌స్టాలరులోనే ఉంటుంది. సెర్చి ఫలితాల్లో పైన కనిపించిన ఏదో ఒక డౌన్‌లోడ్ సైటు నుంచి ప్రోగ్రామును తెచ్చుకుని ఉంటారు, లేదా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ముందుగానే టిక్కు పెట్టి ఉన్న అదనపు సాఫ్ట్‌వేరుకు చదవకుండానే అంగీకారం తెలిపి ఉంటారు. కంప్యూటరు శక్తిని వాడుకుని క్రిప్టోకరెన్సీ తవ్వే ప్రోగ్రాములు కూడా ఈ దారిలోనే లోపలికి వస్తాయి. ఫ్యాన్ ఆగకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు.

పరిష్కారంగా, ఆ ప్రోగ్రామునూ, అదే తేదీన ఇన్‌స్టాల్ అయిన అపరిచిత ప్రోగ్రాములనూ తొలగించి, బ్రౌజరు ఎక్స్‌టెన్షన్లను ఒక్కొక్కటిగా పరిశీలించి, యాంటీవైరస్‌తో పూర్తి స్కాన్ చేయించాలి. కొత్తగా ఎంచుకునేటప్పుడు సోర్స్ కోడ్ బహిరంగంగా ఉన్నది, ప్రకటనలు లేనిది, ఇటీవలి కాలంలో కొత్త వెర్షన్ వచ్చినది కావాలి. ఈ మూడూ చూసుకుంటే క్యూబిట్‌టొరెంట్, ట్రాన్స్‌మిషన్ అనే బిట్‌టొరెంట్ ప్రోగ్రాములు ముందు వరుసలో నిలుస్తాయి. రోజూ వాడుకోవడానికి నేను మొదటిదాన్నే సూచిస్తాను, ఎందుకంటే సమస్య వచ్చినప్పుడు లోపల ఏం జరుగుతోందో అది వివరంగా చూపిస్తుంది.

మంచి ప్రోగ్రామును ఎంచుకున్నంత మాత్రాన జాగ్రత్త తీరిపోదు. 2016 మార్చిలో ట్రాన్స్‌మిషన్ అధికారిక సైటులోనే 2.90 వెర్షన్ మాక్ ఇన్‌స్టాలరులోకి కీరేంజర్ అనే రాన్సమ్‌వేర్ చొరబడింది. అది మూడు రోజులు మౌనంగా ఉండి, ఆ తరువాత ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగేది. క్యూబిట్‌టొరెంట్‌లో 2010 నుంచి ఉండిపోయిన సర్టిఫికెట్ తనిఖీ (అవతలి సర్వరు అసలైనదేనా అని చూసే తనిఖీ) లోపాన్ని 2024 అక్టోబరులో విడుదలైన 5.0.1 వెర్షనులో గాని సరిచేయలేదు. కాబట్టి అప్‌డేటు సూచన కనిపించినప్పుడు వాయిదా వేయకూడదు. ఆ అప్‌డేటును కూడా అధికారిక సైటు నుంచి స్వయంగా తెచ్చుకుని, వారు హాష్ విలువగానీ (ఫైలులోని డేటా నుంచి లెక్కించిన, వేలిముద్ర లాంటి అంకె) డిజిటల్ సంతకంగానీ ప్రకటించి ఉంటే దానితో సరిపోల్చుకోవాలి.

లక్షణం: మనం ఎవరికీ పంపని సొంత ఫైళ్లు బయటివారికి కనిపిస్తున్నాయి

అన్ని లక్షణాల్లో అత్యంత ప్రమాదకరమైనది ఇదే, అయినా దీన్ని గుర్తించేవారు తక్కువ. కంప్యూటరు నెమ్మదించదు, హెచ్చరిక ఏదీ రాదు, అంతా సవ్యంగానే ఉన్నట్టు తోస్తుంది. ఒకసారి ఒక బంధువు కంప్యూటరులో వేరే పని మీద ఫైల్ షేరింగ్ ప్రోగ్రామును తెరిచి, షేర్ అవుతున్న ఫైళ్ల జాబితా చూశాను. పాటలు ఉండవలసిన చోట స్కాన్ చేసిన గుర్తింపు పత్రాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పిల్లల ఫోటోలు వరుసగా ఉన్నాయి. డౌన్‌లోడులు వేరే డిస్కులో చేరాలన్న ఉద్దేశంతో ఆయన ఎప్పుడో సెట్టింగు మార్చినప్పుడు, ఒక చిన్న ఫోల్డరును ఎంచుకోబోయి దాని పైనున్న డాక్యుమెంట్స్ ఫోల్డరునే ఎంచుకున్నారు. అప్పటి నుంచి అందులో కొత్తగా దాచుకున్న ప్రతి కాగితమూ ఆ నెట్‌వర్కులో వెదికిన వారికి దొరుకుతూ వచ్చింది.

కారణం అర్థం కావాలంటే రెండు రకాల ప్రోగ్రాముల మధ్య తేడా తెలియాలి. నూటెల్లా, ఈడాంకీ వంటి పాత నెట్‌వర్కుల మీద నడిచేవి ఒక ఫోల్డరును మొత్తంగా షేర్ చేస్తాయి. ఆ ఫోల్డరులోనూ, చాలా ప్రోగ్రాముల్లో దాని లోపలి ఫోల్డర్లలోనూ ఉన్నదంతా బయటివారి వెదుకులాటకు అందుతుంది. బిట్‌టొరెంట్ ప్రోగ్రాములు అలా కాదు. మనం జోడించిన టొరెంటులో, అంటే పంచుకోవలసిన ఫైళ్ల వివరాలున్న చిన్న ఫైలులో, పేర్కొన్న ఫైళ్లను మాత్రమే అవి పంపుతాయి, పక్కనున్న ఫైళ్లను ముట్టుకోవు. ఎంపిక మీ చేతిలో ఉంటే ఈ ఒక్క తేడా చాలు, మొదటి రకాన్ని వదిలి రెండో రకాన్ని తీసుకోవడానికి.

మొదటి రకాన్నే వాడక తప్పనివారు ముందుగా నెట్‌ను ఆపి, షేర్డ్ ఫోల్డర్ సెట్టింగు ఏ ఫోల్డరు దారిని చూపుతోందో అక్షరమక్షరం చదవాలి. ఆ పనికోసమే ఖాళీగా ఒక కొత్త ఫోల్డరును తయారుచేసి దాన్ని మాత్రమే ఎంచుకోవాలి. ఆ తరువాత షేర్ అవుతున్న ఫైళ్ల జాబితాను తెరిచి చివరిదాకా చూడాలి. వ్యక్తిగత పత్రాలు అప్పటికే బయటికి వెళ్లి ఉంటే వాటిని వెనక్కి రప్పించే ఉపాయం లేదు. వాటిలో ఉన్న పాస్‌వర్డులన్నీ మార్చుకోవడం, బ్యాంకుకు తెలియజేయడం వెంటనే చేయవలసిన పనులు.

లక్షణం: డౌన్‌లోడు సున్నా దగ్గరే ఉండిపోయింది, లేదా 99 శాతం దాకా వచ్చి ఆగింది

ఈ రెండూ చూడడానికి ఒకేలా ఉన్నా కారణాలు వేరు. టొరెంటు ఫైలుకు బదులుగా వాడే మాగ్నెట్ లింకులో ఫైళ్ల వివరాలు ఉండవు, ముఖ్యంగా ఉండేది వాటిని గుర్తించే ఒక హాష్ విలువ. ఫైళ్ల పేర్లు, పరిమాణాలు కూడా ఇతర పీర్ల (అదే ఫైలును పంచుకుంటున్న కంప్యూటర్ల) నుంచే రావాలి. ఒక్క పీరు కూడా దొరకనప్పుడు ప్రోగ్రాం ఆ వివరాల కోసం ఎదురుచూస్తూ సున్నా దగ్గరే నిలిచిపోతుంది. అప్పుడు సెట్టింగుల్లో డీహెచ్‌టీ (కేంద్ర సర్వరు లేకుండా పీర్లను వెదికే ఏర్పాటు) ఆన్‌లో ఉందో లేదో, ఫైర్‌వాల్ ప్రోగ్రామును అడ్డుకుంటోందో లేదో చూడాలి.

99 శాతం దగ్గర ఆగితే అవైలబిలిటీ అనే అంకెను చూడాలి. ఆ అంకె ఒకటి కన్నా తక్కువగా, ఉదాహరణకు 0.993గా ఉంటే, ప్రస్తుతం కలిసి ఉన్న వారందరి దగ్గర ఉన్న ముక్కలను ఒకచోట చేర్చినా ఫైలు పూర్తి కాదని అర్థం. పూర్తి ఫైలు ఉన్న సీడరు ఎవరైనా తిరిగి వచ్చేవరకు ఏ సెట్టింగు మార్చినా ప్రయోజనం ఉండదు. అంకె ఒకటికి మించి ఉండి కూడా ముందుకు సాగకపోతే ఫోర్స్ రీచెక్ చేయించాలి. ప్రోగ్రాం ప్రతి ముక్కనూ హాష్‌తో సరిచూసి, చెడిన వాటిని మళ్లీ తెప్పిస్తుంది. తెచ్చిన ముక్కలు వేర్వేరు టొరెంట్లలో కూడా తరచుగా చెడిపోతుంటే నెట్‌వర్కును అనుమానించే ముందు కంప్యూటరు ర్యామ్‌నూ డిస్కునూ పరీక్షించాలి.

ఫైలు సరిగ్గా 4 జీబీ దగ్గర, డిస్కులో రాయలేకపోయానన్న లోపంతో ఆగితే ఆ డిస్కు ఫ్యాట్32 ఫార్మాటులో ఉందని గ్రహించాలి. అంతకన్నా పెద్ద ఫైలును అది పట్టలేదు. డిస్కులోని ఫైళ్లను వేరేచోట భద్రపరచి ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చుకుంటే సరిపోతుంది.

లక్షణం: సీడర్లు చాలామంది ఉన్నా వేగం లేదు

మనం ఇతరులను పలకరించగలుగుతున్నాం గాని, ఇతరులు మనల్ని చేరలేకపోతున్నారన్నది సాధారణంగా దీని కారణం. రౌటరు బయటి నుంచి వచ్చే కనెక్షన్లను గడప దగ్గరే ఆపేస్తుంది. ప్రోగ్రాం వాడే పోర్టు (కనెక్షను వచ్చే ద్వారం) నంబరును చూసుకుని, రౌటరులో ఆ ఒక్క పోర్టునే ఈ కంప్యూటరుకు ఫార్వర్డ్ చేయాలి. రౌటరులో ఉండే యూపీఎన్‌పీ ఈ పనిని తనంతట తానే చేస్తుంది గాని, ఇంట్లోని ఏ పరికరమైనా అడిగిందే తడవుగా తలుపు తెరిచే సౌకర్యం అది. దాన్ని ఆపి ఒక్క పోర్టును చేత్తో తెరవడం మేలని నా అభిప్రాయం.

ఫార్వర్డ్ చేసినా ఫలితం లేకపోతే రౌటరు చూపించే బయటి ఐపీ చిరునామాను చదవండి. అది 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అంకెల్లో దేనితోనైనా మొదలైతే, మీ ఇంటర్నెట్ సర్వీసు సంస్థ అనేక ఇళ్లకు కలిపి ఒకే పబ్లిక్ చిరునామా వాడుతోందని అర్థం. అప్పుడు మీ రౌటరులో ఏం మార్చినా ప్రయోజనం లేదు. పబ్లిక్ ఐపీ ఇమ్మని సంస్థను అడగాలి, లేదా ఐపీవీ6 (ప్రతి పరికరానికీ సొంత చిరునామా ఇవ్వగల కొత్త పద్ధతి) అందుబాటులో ఉంటే దాన్ని ప్రారంభించుకోవాలి.

లక్షణం: టొరెంటు నడిచినంతసేపూ ఇంట్లో ఎవరికీ నెట్ అందడం లేదు

అందరూ డౌన్‌లోడు వేగాన్ని తగ్గిస్తారు, తగ్గించవలసింది అప్‌లోడు వేగాన్ని. పంపే దారి నిండిపోతే, వచ్చిన డేటాకు మన కంప్యూటరు తిరిగి పంపవలసిన రసీదులు కూడా వరుసలో చిక్కుకుపోతాయి. దానితో వచ్చే దారి ఖాళీగా ఉన్నా పని జరగదు. వేగం కొలిచి, అప్‌లోడులో 80 శాతాన్ని గరిష్ఠ పరిమితిగా పెట్టాలి. కనెక్షను సెకనుకు 10 మెగాబిట్లు పంపగలిగితే అందులో 80 శాతం 8 మెగాబిట్లు, అంటే ఒక మెగాబైటు. ప్రోగ్రాములు బైట్లలో అడుగుతాయి గనుక 1000 కిలోబైట్లు అని రాయాలి. బిట్లకూ బైట్లకూ తేడా మరచి 8000 అని రాస్తే పరిమితి పెట్టనట్టే. అలాగని సున్నా రాయకూడదు. చాలా ప్రోగ్రాముల్లో సున్నా అంటే హద్దు లేదని అర్థం.

లక్షణం: ఫైలు నూరు శాతం వచ్చింది, తెరవబోతే యాంటీవైరస్ అడ్డుకుంటోంది లేదా మరేదో అడుగుతోంది

హాష్ సరిపోయింది కాబట్టి ఫైలు మంచిదేనని చాలామంది నమ్ముతారు. ఆ తనిఖీ చెప్పేది ఒక్కటే: టొరెంటు తయారుచేసినవారు ఏది ఉంచారో అదే మీకు చేరిందని. వారు విషం ఉంచితే విషమే చెక్కుచెదరకుండా చేరుతుంది.

వీడియో అని తెచ్చుకున్న ఫైలు కొన్ని వందల కిలోబైట్లే ఉండడం మొదటి అనుమానం. విండోస్ సాధారణంగా ఫైలు పేరు చివరి భాగాన్ని దాచిపెడుతుంది కాబట్టి, డాట్ ఎంపీ4 అని కనిపించే పేరు వెనుక డాట్ ఈఎక్స్‌ఈ ఉండవచ్చు. ఫైల్ ఎక్స్‌ప్లోరరులో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అన్న ఎంపికను శాశ్వతంగా ఆన్ చేసి ఉంచండి. వీడియో చూడాలంటే ఫలానా కోడెక్ (వీడియోను చదివే భాగం) ఇన్‌స్టాల్ చేయాలన్నా, పాస్‌వర్డు ఉన్న జిప్ ఫైలు ఇచ్చి తెరవడానికి యాంటీవైరస్‌ను ఆపమన్నా ఇక పరిశీలన అక్కర లేదు, తొలగించడమే సరైన పని. యాంటీవైరస్ లోపలికి చూడలేకపోవాలనే జిప్‌కు పాస్‌వర్డు పెడతారు.

ఉబుంటు, డెబియన్ వంటి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ల తయారీదారులు తమ ఐఎస్‌ఓ ఫైళ్లను (ఇన్‌స్టాల్ డిస్కు నకళ్లను) అధికారికంగా టొరెంట్లలో అందిస్తూ, షా-256 అనే రకం హాష్ విలువను తమ సైటులో ప్రకటిస్తాయి. టొరెంటు లింకును ఆ సైటు నుంచే తీసుకుని, వచ్చిన ఫైలు విలువను దానితో పోల్చితే మూలం మీద కూడా నమ్మకం కుదురుతుంది.

లక్షణం: కాపీరైటు ఉల్లంఘన అంటూ సర్వీసు సంస్థ నుంచి నోటీసు వచ్చింది

ఒక టొరెంటులో కలిసి ఉన్న ప్రతి ఒక్కరి ఐపీ చిరునామా మిగిలినవారికి కనిపిస్తుంది, ఎందుకంటే ముక్కలు పంపాలంటే చిరునామా తెలియాలి. హక్కుదారులు నియమించిన సంస్థలు కూడా పీర్లుగా చేరి ఆ జాబితాను నమోదు చేసుకుంటాయి. డౌన్‌లోడు చేస్తూనే పంపిణీ కూడా చేస్తున్నాం గనుక, నేను తెచ్చుకున్నానంతే అనే వాదన ఇక్కడ నిలవదు. అనుమతి లేని కృతిని తొలగించి, ఆ టొరెంటును ఆపడమే దీనికి పరిష్కారం. ఫైలును తొలగించి ఊరుకోకుండా, టొరెంటు ఇంకా సీడ్ అవుతోందేమో, అంటే ఇతరులకు వెళ్తోందేమో కూడా చూడాలి. విండో మూసినా చాలా ప్రోగ్రాములు టాస్క్‌బార్ మూలన పనిచేస్తూనే ఉంటాయి. నోటీసులో ఉన్న ఫైలు మీకు తెలియనిదైతే వై-ఫై పాస్‌వర్డు మార్చి, రౌటరుకు ఎవరెవరు కలిసి ఉన్నారో పరిశీలించండి.

న్యాయమైన ఫైళ్లకే అయినా చిరునామా గోప్యంగా ఉంచుకోదలచి వీపీఎన్ (మన కనెక్షనును వేరే సర్వరు మీదుగా నడిపే సేవ) వాడేవారికి ఒక జాగ్రత్త అవసరం. వీపీఎన్ మధ్యలో తెగితే ప్రోగ్రాం మామూలు కనెక్షను మీదికి మారి అసలు చిరునామాతోనే కొనసాగవచ్చు. క్యూబిట్‌టొరెంట్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌గా వీపీఎన్‌ను ఎంచుకుంటే, అది తెగినప్పుడు బదిలీ కూడా ఆగిపోతుంది.

లక్షణం: జోడించని టొరెంట్లు జాబితాలో కనిపిస్తున్నాయి

దూరం నుంచి బ్రౌజరులో నడపడానికి ఆన్ చేసిన వెబ్ ఇంటర్‌ఫేస్ ఇంటర్నెట్‌కు తెరిచి ఉండవచ్చు. అలా ఉంటే బయటివారు దాని ద్వారా టొరెంట్లు జోడించడమే కాదు, సెట్టింగులు మార్చి కంప్యూటరులో ప్రోగ్రాములు నడిపించే వీలు కూడా ఉంది. అవసరం లేకపోతే దాన్ని ఆపేయండి. అవసరమైతే దాని పోర్టును రౌటరులో ఫార్వర్డ్ చేయకుండా, ఇంటి నెట్‌వర్కుకే పరిమితం చేసి, కొత్త పాస్‌వర్డు పెట్టండి.

లక్షణం: ఇద్దరు ముగ్గురి మధ్య ఫైళ్లు పంచుకోవాలంటే టొరెంటు సరిపడడం లేదు

ఇది లోపం కాదు, పనికి తగని సాధనం ఎంచుకోవడం. టొరెంటు పుట్టింది ఒకే ఫైలును అనేకులకు చేర్చడానికి. తెలిసినవారి మధ్య, లేదా మన సొంత పరికరాల మధ్య ఫోల్డర్లు కలిసి ఉండాలంటే సింక్‌థింగ్ అనే ప్రోగ్రాం తగినది. ఇందులో ప్రతి పరికరానికీ ఒక ఐడీ ఉంటుంది, ఇరువైపులా అంగీకరిస్తే గాని కలవవు, బదిలీ అంతా ఎన్‌క్రిప్షన్‌తో సాగుతుంది. దీన్ని బ్యాకప్ అనుకుని వాడేవారికి మాత్రం తరచూ ఒక దెబ్బ తగులుతుంది. ఒక పరికరంలో ఫైలు తొలగిస్తే మిగిలిన అన్నింటిలోనూ పోతుంది, ఎందుకంటే కలిపి ఉంచడమే దాని పని. ఫోల్డరు సెట్టింగుల్లో ఫైల్ వెర్షనింగ్ ఆన్ చేస్తే, వేరే పరికరం నుంచి వచ్చిన తొలగింపుకు ముందున్న ఫైలు నకలు ఈ పరికరంలోని ఫోల్డరులో విడిగా మిగులుతుంది. ఈ సెట్టింగును ప్రతి పరికరంలోనూ వేరువేరుగా ఆన్ చేయాలి.