ఇంజన్ పని చేయించాక బండి లాగడం లేదా? ఘాట్ ఎక్కే ముందు చూసుకోవలసినవి

దీపావళి వెళ్లి కార్తీకం వచ్చిందంటే మెకానిక్ షెడ్ల ముందు పాత డీజిల్ బళ్లు వరస కడతాయి. శబరిమల వెళ్లే స్వాముల క్వాలిస్‌లు, సుమోలు, పాత బొలెరోలే వాటిలో ఎక్కువ. ఏడాదంతా ఊళ్లో తిరిగిన బండికి ఈ ఒక్క ప్రయాణం కోసం హెడ్ (సిలిండర్ల పై మూత) దించి, పిస్టన్ రింగులు మార్చి, డీజిల్ పంపు సర్వీసు చేయించి, టైమింగ్ బెల్టు వేయిస్తారు. షెడ్డులోంచి బయటికొచ్చిన రోజు స్టార్టింగ్ బాగుంటుంది, సౌండూ బాగుంటుంది. మొదటి ఫ్లైఓవర్ దగ్గర అసలు సంగతి తెలుస్తుంది. మూడో గేరులో ఎక్కాల్సిన చోట బండి రెండో గేరు అడుగుతుంది.

షెడ్డుకి వెళ్లి చెబితే వచ్చే జవాబు ఒకటే: "కొత్త పని కదా స్వామీ, వెయ్యి కిలోమీటర్లు తిరిగితే సెట్ అయిపోతుంది." ఇందులో కొంత నిజం లేకపోలేదు. బోరింగ్ చేసి కొత్త పిస్టన్లు, రింగులు వేసిన ఇంజన్ మొదట్లో కాస్త బిగువుగానే ఉంటుంది. కానీ ఆ బిగువు వల్ల తగ్గేది కొంచెమే. రిపేరుకు ముందు నిండుగా జనంతో ఎక్కిన మెట్టను ఇప్పుడు ఖాళీ బండి కూడా ఎక్కలేకపోతోందంటే అది తిరిగితే సర్దుకునే రకం కాదు. అదేమిటో తేలకుండా ఆ బండిలో జనాన్ని ఎక్కించుకుని తమిళనాడులోని తేని దాటి, కేరళ సరిహద్దులోని కుమిళి ఘాట్ ఎక్కొద్దు.

రిపేరు తర్వాత పోయిన పుల్లింగ్‌కి (బండి లాగే శక్తికి) కారణం చాలావరకు ఆ రిపేరులో చెయ్యి పడిన చోటే ఉంటుంది. అందుకే ముందుగా చేయాల్సింది, ఏమేం విప్పారో, ఏమేం మార్చారో మెకానిక్‌ని అడిగి కాగితం మీద రాసుకోవడం. హెడ్ దించితే ఇన్‌టేక్ (గాలి లోపలికి వెళ్లే దారి), సైలెన్సర్, డీజిల్ చిమ్మే నాజిల్స్, డీజిల్ పైపులు, వాల్వుల్ని కదిలించే ట్యాపెట్లు అన్నీ విప్పినట్టే. బెల్టు మారిస్తే టైమింగ్ మీద, అంటే డీజిల్ ఎప్పుడు చిమ్మాలి, వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలి అన్న లెక్క మీద, చెయ్యి పడినట్టే. తీసేసిన పాత సామాన్లు కూడా అడిగి తెచ్చుకోండి. పాత వాషరు, పాత గ్యాస్కెట్ చేతిలో ఉంటే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

ఇంజన్ జోలికి పోయే ముందు రెండు చిన్న సంగతులు. బ్రేకులు కూడా చేయించి ఉంటే, చక్రాలు పట్టేస్తున్నాయేమో చూడండి. కొన్ని కిలోమీటర్లు తిప్పి ఆపి, డ్రమ్ముల దగ్గరగా చెయ్యి పెట్టి చూస్తే ఒక చక్రం దగ్గర మిగతావాటికంటే ఎక్కువ సెగ తెలుస్తుంది. రెండోది క్లచ్. రేసు ఇస్తే ఇంజన్ అరుపు పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది, ఇంజన్ తప్పేమీ లేదు.

ఇక పొగ సంగతి. డీజిల్ బండిలో అసలు సాక్షి పొగే. వెనక ఇంకొకరు బండి మీద వస్తూ, మెట్ట ఎక్కేటప్పుడు మీరు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిన క్షణంలో సైలెన్సర్‌లోంచి ఏం వస్తోందో చూడాలి. నిలబెట్టి రేసు ఇచ్చి చూస్తే సరిపోదు, ఇంజన్ మీద బరువు పడాలి. బండి లాగదు, పొగ కూడా రాదు అంటే ఇంజన్‌కి డీజిల్ చాలడం లేదు. లాగదు, నల్లగా కక్కుతోంది అంటే డీజిల్ అందుతోంది కానీ గాలి చాలడం లేదు, లేదా నాజిల్ సరిగ్గా చిమ్మడం లేదు. వేడెక్కిన తర్వాత కూడా తెల్లపొగ, కళ్లు మండే డీజిల్ వాసన ఉంటే టైమింగ్ వెనకబడి ఉండొచ్చు, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) తగ్గి ఉండొచ్చు. తెల్లపొగతో పాటు రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ని అనుమానించాలి. నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. కొత్త రింగులు కూర్చునే దాకా కాస్త రావచ్చు, రోజురోజుకీ తగ్గాలి.

పొగ రాకపోతే ఖర్చు లేని పరీక్షతో మొదలుపెట్టండి. ఇంజన్ ఆపి, బానెట్ ఎత్తి, ఒకరిని లోపల కూర్చోబెట్టి యాక్సిలరేటర్ నేలకి ఆనేదాకా తొక్కించండి. మీరు పంపు మీదున్న లీవర్ని చూస్తూ ఉండండి. అది చివరి స్క్రూకి వెళ్లి తగలాలి. తగలకుండా అర అంగుళం ముందే ఆగిపోతే, పంపు బిగించినప్పుడు యాక్సిలరేటర్ వైరు వదులుగా కట్టారని అర్థం. పెడల్ కింద కొత్త మ్యాట్ అడ్డం పడినా ఇంతే. కేబుల్ నట్టు నాలుగు తిప్పులు తిప్పితే పోయే దానికి పంపు మళ్లీ దించి వేలు ఖర్చుపెట్టుకున్నవాళ్లు ఉన్నారు.

లీవరు సరిగ్గా ఉంటే డీజిల్ లైను చూడాలి. ట్యాంకు నుంచి పంపు దాకా డీజిల్‌ని పంపే లాక్కునే బళ్లలో ఒక చిక్కుంది. ఆ లైనులో ఎక్కడైనా క్లిప్పు వదులైతే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కాబట్టి తడి కనిపించలేదని లీకు లేదనుకోకూడదు. ఫిల్టరుకీ పంపుకీ మధ్య కొంత దూరం డీజిల్‌కి తట్టుకునే పారదర్శకమైన పైపు తాత్కాలికంగా వేసి, ఇంజన్ నడుపుతూ చూడండి. బుడగలు వరసగా పోతుంటే గాలి లాక్కుంటోంది. ఫిల్టరు మీది హ్యాండ్ పంపు రబ్బరు, ఫిల్టరు వాషరు, పాత గట్టిపడ్డ హోసులు వెతకండి. బుడగలు లేకపోయినా పుల్లింగ్ లేకపోతే, శుభ్రమైన డీజిల్ డబ్బాని పంపు కంటే ఎత్తులో పట్టుకుని, దాన్నుంచి నేరుగా పంపుకి పైపు ఇచ్చి నిలబెట్టిన చోటే రేసు చూడండి. అప్పుడు రేసు బాగా అందుకుంటే లోపం ట్యాంకుకీ పంపుకీ మధ్యలో, ఫిల్టరుతో సహా, ఎక్కడో ఉంది. డబ్బా ఒలికి వేడి సైలెన్సర్ మీద పడకుండా ఒక మనిషి పట్టుకునే ఉండాలి. ఆ డబ్బా కట్టుకుని రోడ్డెక్కొద్దు. ట్యాంకు మూత తీసినప్పుడు బుస్సుమని గాలి లోపలికి లాగితే ఆ మూతకున్న గాలి రంధ్రం మూసుకుపోయి ఉంటుంది.

గుండ్రటి రోటరీ పంపు ఉన్న బళ్లకు ఇంకో మాట. ఈ పంపులకు డీజిల్ వచ్చే పైపుకి ఒక బోల్టు, తిరిగి ట్యాంకుకి పోయే పైపుకి ఒక బోల్టు ఉంటాయి. చూడ్డానికి రెండూ ఒకటే. తిరిగి పోయే దాని తల మీద ఇంగ్లీషులో 'అవుట్' అని చెక్కి ఉంటుంది, లోపల సూది పట్టేంత రంధ్రమే ఉంటుంది. ఆ సన్న రంధ్రం వల్లే పంపు లోపల ప్రెషర్ నిలుస్తుంది, ఆ ప్రెషర్‌తోనే రేసు పెరిగే కొద్దీ టైమింగ్ ముందుకు జరుగుతుంది. తొందరలో ఈ రెండింటినీ తారుమారు చేస్తే ఒకవైపు పంపుకి డీజిల్ అందదు, ఇంకోవైపు ప్రెషర్ నిలవదు. బండి స్టార్టయినా కాకపోయినా, పుల్లింగ్ మాత్రం ఉండదు. పంపు విప్పి బిగించిన బండికి ఈ బోల్టు తల మీది అక్షరాలు చూడటం తప్పనిసరి అంటాను.

నల్లపొగ వస్తే ముందు ఎయిర్ ఫిల్టరు తీసి, ఆ పైపులో ఇన్‌టేక్ దాకా టార్చిలైటు వేసి చూడండి. హెడ్ దించినప్పుడు లోపల నట్టు పడకుండా గుడ్డ కుక్కుతారు, అది మంచి పద్ధతే. ఆ గుడ్డని మర్చిపోయి పైపు బిగించేస్తేనే చిక్కు. ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో ఊదే టర్బో ఉన్న బండి అయితే, టర్బో నుంచి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి, అక్కడి నుంచి ఇన్‌టేక్‌కి వెళ్లే లావు హోసుల క్లిప్పులన్నీ చేత్తో కదిపి చూడాలి. బరువు మీద బుస్ శబ్దం వస్తే ఎక్కడో ఊడి ఉంది. కొన్ని టర్బో పంపులకు నెత్తిన ఒక సన్నటి గాలి పైపు ఉంటుంది. టర్బో ఎంత ఊదుతోందో అది పంపుకి చెబుతుంది, దాన్ని బట్టి పంపు డీజిల్ పెంచుతుంది. ఆ పైపు ఊడితే పొగా రాదు, పుల్లింగూ రాదు. కాలిన పొగలో కొంత మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు తెరుచుకుని ఉండిపోవడం, సైలెన్సర్ లోపల కూలిపోవడం కూడా నల్లపొగ కారణాలే.

నాజిల్స్ కింద రాగి వాషర్లుంటాయి. పాత వాషరు హెడ్ గుంతలో అతుక్కుపోయి ఉండగానే కొత్తది వేస్తే రెండు వాషర్ల మీద నాజిల్ పైకి లేచి కూర్చుంటుంది. చిమ్మాల్సిన చోట చిమ్మదు. ఎన్ని కొత్తవి వేశారో, పాతవి ఎన్ని బయటికి వచ్చాయో లెక్క సరిపోవాలి.

తెల్లపొగ వచ్చే బండిలో టైమింగ్ బెల్టు పుల్లీల మీది గుర్తులు సరిపోయాయో లేదో చూడటమే మొదటి పని. క్వాలిస్ లాంటి బళ్లలో బెల్టే పంపుని కూడా తిప్పుతుంది. పంపు పుల్లీ ఒక్క పన్ను వెనకబడితే చాలు, తెల్లపొగ, బరువైన ఇంజన్. ముందుకు జరిగితే టక్‌టక్ మని గట్టిగా కొడుతుంది. హెడ్ ఫేసింగ్ (హెడ్ అడుగుభాగాన్ని చదునుగా అరగదీయడం) చేయించి ఉంటే గ్యాస్కెట్ మందం అడగండి. చాలా డీజిల్ ఇంజన్లకు మూడు మందాల్లో గ్యాస్కెట్లు వస్తాయి, అంచున గాట్లో రంధ్రాలో గుర్తుగా ఉంటాయి. పిస్టన్ బ్లాకు పైకి ఎంత లేస్తుందో కొలిచి దాని ప్రకారం వేయాలి. షాపులో ఉన్నది తెచ్చి వేస్తే కంప్రెషన్ తగ్గొచ్చు, లేదా పిస్టన్ వాల్వుకి తగలొచ్చు. ట్యాపెట్లు మరీ బిగించినా వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ పోతుంది. కంప్రెషన్ కొలవడానికి డీజిల్ గేజే కావాలి, పెట్రోలు బండి గేజు ఆ ప్రెషర్‌కి పనికిరాదు. సిలిండర్లు నాలుగూ దగ్గరదగ్గరగా ఉన్నాయా, ఒకటి బాగా తక్కువుందా అన్నదే ముఖ్యం.

ఇదంతా చూడకుండా చేసే పని ఒకటుంది. పంపు వెనక ఉండే డీజిల్ స్క్రూ తిప్పి పెంచేయడం. బండి వెంటనే హుషారవుతుంది, ఓనరు సంతోషపడతాడు, నల్లపొగ మొదలవుతుంది. గాలి తక్కువై లాగని బండికి డీజిల్ పెంచితే సైలెన్సర్ వేడి విపరీతంగా పెరుగుతుంది. ఊళ్లో పది నిమిషాలు తిరిగితే తెలియదు. ఘాట్‌లో అరగంట పాటు తొక్కి పట్టినప్పుడు పిస్టన్ తల కరిగే స్థితి వస్తుంది. ఆ స్క్రూకి కంపెనీ సీలు ఉంటుంది. రిపేరు తర్వాత సీలు తెగి కనిపిస్తే ఎందుకు తిప్పారో అడగండి. పంపు సర్దాలంటే డీజిల్ కొలిచే కాలిబ్రేషన్ బెంచ్ (పంపు పరీక్ష యంత్రం) మీద కొలిచి సర్దాలి.

పరీక్షలు చేసేవాళ్లకు ప్రాణం మీదికి వచ్చేవి మూడు. పాత మెకానికల్ పంపు బళ్లలో ఒక్కో నాజిల్ పైపు నట్టు వదులు చేసి ఏ సిలిండర్ మిస్ అవుతోందో చూస్తారు. అప్పుడు చిమ్మే డీజిల్ చర్మంలోకి దూసుకుపోగలదు. చేతులు దూరంగా, కళ్లద్దాలు పెట్టుకుని, పైన గుడ్డ కప్పి తెలిసినవాళ్లే చేయాలి. కామన్ రైలు ఇంజన్లలో (అన్ని నాజిల్స్‌కి ఒకే గొట్టం నుంచి డీజిల్ వెళ్లే కొత్త తరహా ఇంజన్లలో) అయితే ఈ పని అసలే వద్దు. అక్కడ ప్రెషర్ వెయ్యి బార్లు దాటుతుంది. చర్మంలోకి డీజిల్ పోతే చిన్న చుక్కలాగే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట అంతగా ఉండకపోవచ్చు. అయినా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి, చెయ్యి తీసేయాల్సి వచ్చేంత ప్రమాదం అది. రెండోది, ఇంజన్ ఆయిల్ గీత దాటి పోయడం, టర్బో సీలు పోవడం. అలాంటప్పుడు ఇంజన్ తన ఆయిల్ తనే తాగి, తాళం తీసినా ఆగకుండా రేసెక్కిపోవచ్చు. సీట్లో ఉంటే బ్రేకు గట్టిగా తొక్కి, టాప్ గేరు వేసి క్లచ్ వదిలి ఆపేయాలి. బయట ఉంటే గాలి పైపుకి మందపాటి చెక్క అడ్డం పెట్టాలి కానీ అరచెయ్యి పెట్టకూడదు. మూడోది, తిరుగుతున్న ఫ్యాను దగ్గర వేలాడే కండువా. దీక్షలో ఉన్న స్వాములకు ఇది మరీ మరీ చెబుతున్నాను.

లోపం సరిచేశాక దగ్గర్లోని ఘాట్ మీద ఒకసారి చూసుకోండి. విశాఖ వైపు వాళ్లకు అనంతగిరి ఘాట్ ఉంది, మార్కాపురం వైపు వాళ్లకు దోర్నాల నుంచి శ్రీశైలం దారి, నిర్మల్ వాళ్లకు మహబూబ్ ఘాట్. ప్రయాణానికి వారం ముందైనా ఈ పని అయిపోవాలి, మళ్లీ షెడ్డుకి వెళ్లే వ్యవధి ఉంటుంది. టెంపరేచర్ ముల్లు ఎక్కడ నిలుస్తోందో గుర్తుపెట్టుకోండి. టర్బో లేని ఇంజన్ 1000 మీటర్ల ఎత్తుకి సుమారు పదో వంతు శక్తి కోల్పోతుంది, ఎందుకంటే పైన గాలి పలచన. కుమిళి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది. కాబట్టి అక్కడ ఆ మాత్రం తగ్గితే కంగారుపడక్కర్లేదు.

ఎక్కడం ఎంత ముఖ్యమో దిగడం అంతకంటే ముఖ్యం. శబరిమల దారిలో ఎరుమేలి దాటాక కణమల దగ్గర దిగుడు యాత్రికుల బళ్లకు ప్రమాదాలు జరిగిన చోటు. డీజిల్ ఇంజన్‌లో బ్రేకు బూస్టరుకి (బ్రేకు తొక్కే బలాన్ని పెంచే డబ్బాకి) కావాల్సిన వాక్యూమ్, అంటే గాలి లాగే పీల్పు, ఇన్‌టేక్ నుంచి రాదు. చాలా బళ్లలో ఆల్టర్నేటర్ వెనకున్న చిన్న పంపు నుంచి ఒక రబ్బరు హోసులో వస్తుంది. ఇంజన్ పనిలో ఆ హోసు విప్పుతారు. అది సరిగ్గా బిగిసిందో లేదో ఇలా చూడండి: ఇంజన్ ఆపి బ్రేకు పెడల్‌ని గట్టిపడేదాకా పదేపదే తొక్కండి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకపోతే బండి కదపొద్దు.

దారిలో పుల్లింగ్ హఠాత్తుగా పడిపోతే వెడల్పుగా ఉన్న చోట పక్కకి ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి, జనాన్ని రోడ్డుకి దూరంగా దించండి. ముల్లు ఎరుపులో ఉంటే రేడియేటర్ మూత జోలికి పోవద్దు. ఊడిన హోసు, వదులైన క్లిప్పు, ఫిల్టరు కింద చేరిన నీళ్లు, ఈ మూడూ ఇంజన్ చల్లారాక చూసుకోండి. అవి బాగుండి కూడా బండి లాగకపోతే జనాన్ని బస్సు ఎక్కించి, బండిని టోయింగ్ బండితో కిందికి తీసుకెళ్లడమే. దారిలో దొరికిన మెకానిక్ ఎవరైనా పంపు స్క్రూ మీద స్క్రూడ్రైవర్ పెడితే వద్దని చెప్పండి.