వైజాగ్‌లో ఉన్నదాంతో హాయిగా ఉండాలంటే ఇలా చేసి చూడండి

ముందు ఒక పేపర్ తీసుకుని నెలకి నిజంగా ఎంత ఖర్చవుతుందో రాయండి, ఫోన్‌పేలో హిస్టరీ అంతా ఉంటుంది కాబట్టి గుర్తులేదనే సాకు కుదరదు. అద్దె, స్కూల్ ఫీజు, కరెంటు, పెద్దాళ్ల మందులు పోగా మిగిలిందే మీ అసలు జీతం.

తర్వాత ఆశల సంగతి. మధురవాడలోనో ఎండాడలోనో తెలిసినోళ్లు త్రీ బెడ్‌రూం కొన్నారని మనమూ 50 లక్షల లోన్‌కి వెళ్లిపోతాం, 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లంటే ఈఎంఐ నెలకి 43 వేల పైనే, మొత్తం కట్టేది కోటి దాటుతుంది, అంటే వడ్డీయే అసలు కన్నా ఎక్కువ. ఇల్లు కొనొద్దని కాదండి. కొనేముందు ఓ ఆరు నెలలు ఆ ఈఎంఐకీ ఇప్పటి అద్దెకీ ఉన్న తేడాని ఆర్డీలో (నెలనెలా కట్టే బ్యాంకు డిపాజిట్) వేయండి, ఇంట్లో గొడవల్లేకుండా గడిస్తే మీకు స్తోమతు ఉన్నట్టే.

అత్యవసరానికి కొంత ఎఫ్‌డీలో ఉంచండి. బ్యాంకు మునిగితే ఒక బ్యాంకులో ఒక మనిషికి అసలూ వడ్డీ కలిపి 5 లక్షల వరకే ఇన్సూరెన్స్, మించితే ఇంకో బ్యాంకు చూసుకోండి.

పదవుల పిచ్చి ఇంకోటి. అపార్ట్‌మెంట్ ప్రెసిడెంట్ అవ్వాలనుంటే ముందు నెలరోజులు వాటర్ ట్యాంకర్లు, లిఫ్ట్ రిపేర్లు పేరు లేకుండా చూసుకోండి, నచ్చితే పోటీ చేయండి, నచ్చలేదంటే మీకు కావాల్సింది పని కాదు కుర్చీ (చాలామందికి అంతేలెండి).

ఆదివారం మాల్‌కి బదులు ఆర్కే బీచ్‌కి వెళ్లి మురీ మిక్చర్ తినండి. పిల్లలు అక్కడే ఉన్న కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం టికెట్ అడుగుతారు, ఆ డబ్బులు మాత్రం జేబులో ఉంచుకోండి.